నాలుగు రోజుల ప్రేమ నాలుగు కాలాలు నిలిచేదా?

రోమియో, జూలియట్ బతికి ఉంటే వాళ్ల కాపురం నిలిచేదా? పాఠం వింటున్న పిల్లలెవరైనా ఇలా అడిగితే చిలిపి ప్రశ్నగా తోస్తుంది. కానీ నాటకంలోని పాత్రలకే ఈ అనుమానం ఉంది. తర్వాతి శతాబ్దాల్లో ఆ నాటకాన్ని తిరగరాసినవాళ్లనూ అది వదల్లేదు.

కథ షేక్‌స్పియర్ సొంతం కాదు. 1476లో అచ్చయిన మసూచియో సాలెర్నిటానో కథల్లో ఇలాంటి జంట ఒకటి సియెనా నగరంలో కనిపిస్తుంది. 1530 ప్రాంతంలో లుయిజి దా పోర్తో ఆ కథను వెరోనాకు తరలించి, ప్రేమికులకు ఇప్పుడు మనకు తెలిసిన పేర్లు పెట్టాడు. అక్కడి నుంచి ఇటలీ కథకుడు బాండెల్లో చేతికి, ఫ్రెంచిలోకి, చివరికి 1562లో ఆర్థర్ బ్రూక్ రాసిన ఇంగ్లిషు పద్యకథలోకి వచ్చింది. పెద్దల మాట వినని పిల్లల గతి ఇంతే అని బ్రూక్ ముందుమాటలో మందలిస్తాడు. కథ మొదలయ్యాక మాత్రం ఆ మందలింపు మరచిపోయి వాళ్లమీద జాలిపడతాడు. అతని జూలియట్‌కు పదహారేళ్లు. రహస్యంగా పెళ్లాడిన ఆ జంటకు ఒకటి రెండు నెలల సుఖమైనా దక్కుతుంది.

1595 ప్రాంతంలో షేక్‌స్పియర్ ఆ నెలల్ని తుడిచేశాడు. ఆదివారం రాత్రి చూపులు కలుస్తాయి, సోమవారం పెళ్లి. కలిసి గడిపింది ఒక్క రాత్రి. వారం తిరగకముందే ఇద్దరూ సమాధిలో ఉంటారు. జూలియట్ వయసును కూడా పద్నాలుగు నిండని స్థాయికి దించాడు. చర్చి చట్టం పన్నెండేళ్ల పిల్ల పెళ్లిని ఒప్పుకునేది, కానీ ఆనాటి ఇంగ్లండులో మామూలు ఇళ్ల ఆడపిల్లలు ఇరవై దాటి చాలా ఏళ్లకు గానీ పెళ్లి చేసుకునేవారు కాదు. కాబట్టి ప్రేక్షకులకూ ఇది మరీ పసితనంగానే కనిపించి ఉండాలి. రచయిత సంగతి వేరు. 1582లో పద్దెనిమిదేళ్లకే, తనకంటే ఎనిమిదేళ్లు పెద్దదైన ఆన్ హాథవేను పెళ్లాడాడు. ఆరు నెలలకే బిడ్డ పుట్టింది. ఆ బంధం 1616లో అతను చనిపోయేదాకా తెగలేదు. ఆయన ఎక్కువ కాలం లండన్‌లోనూ, ఆమె స్ట్రాట్‌ఫర్డ్‌లోనూ ఉండటం అందుకు ఎంత తోడ్పడిందో మరి!

అంటే ఈ అనుమానం నాటకంలోకి పొరపాటున చొరబడలేదు. మొదటి అంకంలో రోమియో నిట్టూర్పులన్నీ రోజలైన్ అనే మరో అమ్మాయి కోసమే. పడుచువాళ్ల ప్రేమ గుండెలో కాదు, కళ్లలో ఉంటుందని వాళ్ల రహస్య పెళ్లి జరిపించే ఫాదర్ లారెన్స్ దెప్పుతాడు. మేడమీది జూలియట్ కూడా ఇది మరీ తొందరపాటని, చూశామనేలోపే మాయమయ్యే మెరుపులాంటిదని భయపడుతుంది.

తర్వాతివాళ్లు ఈ ఇబ్బందిని రకరకాలుగా సర్దారు. 1660లలో నాటక రచయిత జేమ్స్ హోవర్డ్ ప్రేమికులను బతికించేశాడు. అప్పట్లో లండన్‌లో ఒకరోజు విషాదాంతం, మరుసటి రోజు సుఖాంతం ఆడేవారట. 18వ శతాబ్దంలో నటుడు డేవిడ్ గారిక్ జూలియట్ వయసు పెంచాడు, కొన్నాళ్లకు రోజలైన్ ఊసే ఎత్తివేశాడు. రోమియోకు అంతకుముందు మనసిచ్చిన పిల్ల లేకపోతే మనకూ పేచీ ఉండదు కదా! 1935లో రష్యన్ స్వరకర్త ప్రొకోఫీవ్ తన బ్యాలేలో (నృత్యనాటకంలో) మొదట ఇద్దరినీ బతికించాడు, బతికున్నవాళ్లయితేనే నాట్యం చేయగలరని. ఆ ముగింపు వేదికెక్కకుండానే మారిపోయింది.

మనస్తత్వ శాస్త్రవేత్తలూ ఓ చేయి వేశారు. పెద్దలు అడ్డుపడేకొద్దీ ప్రేమ ముదురుతుందని 1972లో ఒక అమెరికన్ అధ్యయనం చెప్పింది. ఆ ధోరణికి ఈ జంట పేరే పెట్టారు. 2014లో మరో బృందం మళ్లీ పరీక్షిస్తే అలాంటిదేమీ తేలలేదు. అయినవాళ్ల ఆమోదం ఉన్న బంధాలే గట్టిగా కనిపించాయి.

నన్నడిగితే జూలియట్ నిలబడేది. తన బంధువు టైబల్ట్‌ను చంపింది తన భర్తేనని విని తిట్టిపోసి, అదే రంగంలో తేరుకుని భర్త పక్షాన నిలుస్తుంది. పెళ్లి ఉద్దేశమైతే రేపే కబురు పంపమని చూపులు కలిసిన రాత్రే తేల్చి అడిగింది కూడా ఆమే. రోమియో మీదే నా సందేహం. జూలియట్ నిజానికి మత్తుమందు తాగి నిద్రలో ఉంది, ఆ సంగతి చెప్పే ఫాదర్ ఉత్తరం రోమియోకు అందలేదు. ఆమె పోయిందన్న వార్త వినగానే, ఫాదర్ దగ్గర నుంచి ఉత్తరమేమైనా తెచ్చావా అని సేవకుణ్ణి అడుగుతాడు. లేదంటాడు వాడు. పోనీలే అనేసి, గుర్రాలు తెమ్మని పంపిస్తాడు.