నిబంధన అంటే ఏమిటి? పాత, క్రొత్త నిబంధనల గురించి అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు విశ్వాసులకు ఆదివారం ఆరాధన ముగిశాక బైబిలు పాఠం చెప్పడం కొన్నేళ్లుగా నా పని. వారిలో గోదావరి, గుంటూరు, ప్రకాశం జిల్లాల నుండి వచ్చినవారూ ఉన్నారు, ఇక్కడే పుట్టి పెరిగి కూడబలుక్కుంటూ తెలుగు చదవడం నేర్చుకుంటున్నవారూ ఉన్నారు. ఏ పుస్తకం మొదలుపెట్టినా రెండు మూడు వారాలు తిరిగేసరికి ఎవరో ఒకరు అదే ప్రశ్న అడుగుతారు: "ఇది పాత నిబంధనలోది కదా అయ్యగారూ, మనకు వర్తిస్తుందా?" ఆ ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పిన జవాబుల వల్ల మన సంఘాలలో స్థిరపడిపోయిన అపోహలను ఇక్కడ వివరంగా చూద్దాం.

అపోహ: నిబంధన అంటే నియమం. పాత నిబంధన పాత నియమాల పుస్తకం, క్రొత్త నిబంధన దాని స్థానంలో వచ్చిన కొత్త నియమాల పుస్తకం.

వాస్తవం: ఈ పొరపాటుకు సగం కారణం మన వాడుక భాషే. పత్రికలో "ట్రాఫిక్ నిబంధనలు" అని చదువుతాం, ప్రకటనల అడుగున "నిబంధనలు వర్తిస్తాయి" అని చూస్తాం, ఆదివారం బైబిలు తెరిచినప్పుడు కూడా ఆ అర్థమే మనసులో మెదులుతుంది. మా పక్కింటి కన్నడ కుటుంబం ఇవే భాగాలను "హళెయ ఒడంబడికె", "హొస ఒడంబడికె" అంటుంది. ఆ ఒడంబడిక మన బైబిలులోనూ ఉంది. గలతీయులకు వ్రాసిన పత్రిక 3:15లో "ఒడంబడిక" అని, రెండు వచనాల తరువాత "నిబంధన" అని, హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 9:16లో "మరణశాసనము" అని మనం చదివే మూడు మాటలకూ గ్రీకు మూలంలో ఉన్నది దియాథేకే అనే ఒకే పదం. హెబ్రీ లేఖనాలలో దానికి సాటి పదం బెరీత్. ప్రమాణంతో, తరచుగా రక్తంతో, ఇద్దరిని ఒకరికొకరు చెందినవారిగా చేసే బంధం అని దాని అర్థం. అందులో ఆజ్ఞలు ఉంటాయి గాని, ఆజ్ఞలే ఆ బంధం కావు.

హెబ్రీ భాషలో నిబంధనను "చేయరు", "కోస్తారు". ఆ మాట ఎక్కడి నుండి వచ్చిందో ఆదికాండము 15వ అధ్యాయంలో కళ్లకు కనబడుతుంది. తరువాత అబ్రాహాము అని పిలువబడిన అబ్రాము దేవుని మాట ప్రకారం మూడేండ్ల పెయ్యను, మూడేండ్ల మేకను, మూడేండ్ల పొట్టేలును రెండుగా ఖండించి, ఖండాలను ఎదురెదురుగా పెట్టాడు. మాట తప్పితే ఈ పశువుకు పట్టిన గతే తనకూ పట్టాలని ఒప్పుకుంటూ ఆ ఖండాల మధ్య నడవడం ఆనాటి ఆచారం. యిర్మీయా 34:18లో ఆ భావం స్పష్టంగానే ఉంది. అయితే అబ్రాముకు ఆ సాయంత్రం గాఢనిద్ర పట్టింది. చీకటి పడిన తరువాత ఆ ఖండాల మధ్య నడిచిపోయినవి రాజుచున్న పొయ్యి, అగ్నిజ్వాల మాత్రమే. అవి దేవుని సన్నిధికి గుర్తులు. అంటే ప్రమాణ భారాన్ని దేవుడు ఒక్కడే తన మీద వేసుకున్నాడు. ఈ అధ్యాయాన్ని నెమ్మదిగా చదివినవారికి నిబంధన అంటే నియమావళి అన్న ఆలోచన మళ్లీ రాదని నా అనుభవం.

అపోహ: మలాకీతో పాత నిబంధన ముగిసి, మత్తయి మొదటి పేజీతో క్రొత్త నిబంధన మొదలవుతుంది.

వాస్తవం: పుస్తకాల విభజన వేరు, నిబంధనల విభజన వేరు. 39 పుస్తకాల సంపుటికి "పాత నిబంధన" అన్న పేరు తరువాతి కాలంలో స్థిరపడింది. 2వ శతాబ్దపు చివరి భాగంలో సార్దీస్ అధ్యక్షుడైన మెలితో ఆ పుస్తకాల పట్టికను ఆ పేరుతో ఇచ్చాడు. లేఖనంలో "పాత నిబంధన" అన్న మాట 2 కొరింథీయులకు 3:14లో ఒక్కసారే వస్తుంది, అక్కడ కూడా అది మోషే ద్వారా సీనాయి కొండ దగ్గర చేసిన నిబంధనకు సంబంధించినది. ఆ సంపుటిలో నోవహుతో, అబ్రాహాముతో, ఇశ్రాయేలుతో, దావీదుతో దేవుడు చేసిన వేర్వేరు నిబంధనలు ఉన్నాయి. సీనాయి నిబంధన వాటిలో ఒకటి. సీనాయి దగ్గర ఇచ్చిన ఆజ్ఞలు, కట్టడలు అయిన ధర్మశాస్త్రం 430 సంవత్సరాల తరువాత వచ్చింది గనుక అది అబ్రాహాముకు ఇచ్చిన వాగ్దానాన్ని కొట్టివేయలేదని గలతీ 3:17లో పౌలు చేసే వాదన ఈ తేడా మీదే నిలబడింది. ఈ తేడాను పట్టించుకోకుండా అన్నింటినీ "పాతది" అని ఒక్క మూట కట్టేస్తే పౌలు వాదనకే చోటు ఉండదు.

మత్తయి వైపు నుండి చూసినా అంతే. యేసు ధర్మశాస్త్రానికి లోబడినవాడై పుట్టాడు, బాగుపడిన కుష్ఠరోగిని యాజకుని దగ్గరకు పంపి మోషే నియమించిన కానుక సమర్పించమన్నాడు. "నా రక్తము వలననైన క్రొత్త నిబంధన" అన్న మాట పట్టబడిన రాత్రి గాని ఆయన నోట రాలేదు. కాబట్టి సువార్తలలో చాలా భాగం సీనాయి నిబంధన ఇంకా అమలులో ఉన్న రోజుల కథ.

అపోహ: పాత నిబంధన దేవుడు కోపిష్ఠి, క్రొత్త నిబంధన దేవుడు ప్రేమామయుడు.

వాస్తవం: ఈ మాట కొత్తది కాదు. ఇదే బోధించిన 2వ శతాబ్దపు బోధకుడు మార్సియన్‌ను రోమా సంఘం క్రీ.శ. 144లో బయటికి పంపింది. పది ఆజ్ఞలకు ముందు వాక్యం "నేను నిన్ను దాసుల గృహమైన ఐగుప్తు నుండి బయటికి తెచ్చాను" అన్న భావంతో మొదలవుతుంది. విడుదల ముందు, ఆజ్ఞ తరువాత. నిర్గమకాండము 34:6లో దేవుడు తన పేరును తానే ప్రకటిస్తూ చెప్పుకున్నది కనికరం, దయ, దీర్ఘశాంతం గురించే.

అపోహ: క్రీస్తు వచ్చాడు గనుక ధర్మశాస్త్రం రద్దయింది. లేదా, అందులోని ప్రతి కట్టడా నేటికీ యథాతథంగా అమలులో ఉంది.

వాస్తవం: ఈ రెండు మాటలూ ఒకే సంఘంలో, కొన్నిసార్లు ఒకే మనిషి నోట వింటుంటాను. మొదటిదానికి ఆధారంగా రోమా 10:4 చూపిస్తారు: క్రీస్తు ధర్మశాస్త్రమునకు "సమాప్తి". మూలంలో ఉన్న తెలోస్ అన్న పదానికి ముగింపు అనీ, గమ్యం అనీ రెండు అర్థాలున్నాయి. ప్రయాణం ముగిసేది గమ్యం చేరినప్పుడే గనుక ఆ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు. కొట్టివేయుటకు రాలేదు, నెరవేర్చుటకే వచ్చానని మత్తయి 5:17లో ఆయన అన్న మాటను కూడా ఈ వెలుగులోనే చదవాలి.

రెండవదాని సంగతి చెప్పడానికి మా తరగతిలో జరిగినదే చెప్పాలి. పెళ్లయి కొత్తగా ఈ ఊరు వచ్చిన ఒక సహోదరి ప్రభువు బల్ల ఉన్న ఆదివారం వెనుక వరుసలో కూర్చుని, ద్రాక్షారసపు చిన్న గ్లాసుల పళ్లెం తన దగ్గరికి రాగానే తాను తీసుకోకుండా పక్కవారికి అందించేసింది. మా ఇంటావిడ మెల్లగా అడిగితే, "నెలసరి అక్కా, మా ఊళ్లో అలా ఉన్నప్పుడు బల్ల ముట్టుకోనివ్వరు" అంది. ఆధారం లేవీయకాండము 15 అని వాళ్ల నాయనమ్మ చెప్పిందట. తరువాతి వారం ఆ అధ్యాయాన్ని అందరం మొదటి నుండి చివరి వరకు చదివాం. అందులో పురుషుడు స్నానం చేసి సాయంకాలం వరకు అపవిత్రుడై ఉండే సందర్భాలూ ఉన్నాయి, వాటిని మన ఊళ్లలో ఎవరూ గుర్తు చేయరు. అక్కడ అపవిత్రత అంటే పాపం కాదు, ఆరాధన జరిగే ప్రత్యక్షపు గుడారం దగ్గరికి రావడానికి తాత్కాలికమైన అడ్డు మాత్రమే. అదే తరగతిలో మార్కు 5వ అధ్యాయం కూడా చదివాం. 12 ఏండ్ల రక్తస్రావం ఉన్న స్త్రీ యేసు వస్త్రాన్ని ముట్టుకుంది. లేవీయకాండము ప్రకారం ఆమె అపవిత్రత తాకినవారికి అంటుకోవాలి. అక్కడ దానికి విరుద్ధంగా ఆయనలో నుండి ప్రభావం బయలుదేరి ఆమెను స్వస్థపరచింది, ఆయన ఆమెను "కుమారీ" అని పిలిచాడు. ఆ వచనం దగ్గర ఆ సహోదరి చాలాసేపు తల ఎత్తలేదు. తన పని ముగిసిన కట్టడను పట్టుకుని విశ్వాసులను ప్రభువు బల్లకు దూరం చేయడం తప్పు. ఈ మాట సంఘ పెద్దలతో కూడా నేను ఖచ్చితంగానే అంటాను.

మరి ఏది నిలిచింది, ఏది ముగిసింది అని ఎలా తెలుస్తుంది? 13వ శతాబ్దంలో వేదాంతి తోమా అక్వినాస్, 1646లో ఇంగ్లండులో రూపొందిన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రకటన ధర్మశాస్త్రాన్ని నైతిక, ఆచార, పౌర భాగాలుగా విడదీసి చూపారు. ఆ విభజన ఉపయోగకరమే గాని, లేవీయకాండము తనను తాను అలా విడదీసుకోదు. "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్న 19:18కి వెంటనే తరువాతి వచనంలో రెండు రకాల దారాలతో నేసిన బట్ట వేసుకోవద్దని ఉంది. అందుచేత ప్రతి ఆజ్ఞనూ క్రీస్తు దగ్గరికి తీసుకెళ్లి, ఆయనలో దానికి ఏమి జరిగిందని అడగమంటాను. బలులు ఆయన ఒక్క బలిలో నెరవేరాయి. ఆహారపు కట్టడలు, సున్నతి ఇశ్రాయేలును అన్యజనుల నుండి వేరుచేసిన హద్దులు, ఆ మధ్యగోడను ఆయన పడగొట్టాడు. నరహత్య, వ్యభిచారం గురించిన ఆజ్ఞలను ఆయన హృదయం లోతు వరకు దించాడు. అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేము సంఘం అన్యజనులకు సున్నతి అక్కరలేదని తీర్మానించినప్పుడు, ఆ సంఘ నాయకుడు యాకోబు ఆ తీర్మానానికి ఆధారంగా ఆమోసు ప్రవచనాన్ని చూపించాడన్నది గమనించదగ్గ విషయం.

అపోహ: బైబిలులో ఉన్న ప్రతి వాగ్దానం నేరుగా నాదే.

వాస్తవం: డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు పంచినప్పుడు ఎక్కువగా కనిపించే వచనాలలో ద్వితీయోపదేశకాండము 28:13 ఒకటి: నిన్ను తలగా నియమించును గాని తోకగా నియమింపడు. ఆ అధ్యాయంలో 68 వచనాలున్నాయి. మొదటి 14 దీవెనలు, మిగిలిన 54 శాపాలు. రెండూ ఒకే నిబంధనకు చెందినవి, రెండూ విధేయతతో ముడిపడినవి. శాపాలను సీనాయి దగ్గర వదిలేసి దీవెనలను మాత్రం కార్డు మీద అచ్చు వేసుకోవడం న్యాయమైన వ్యాఖ్యానం కాదు. గలతీ 3:13-14లో పౌలు చూపించే దారి వేరు: శాపాన్ని క్రీస్తు మ్రాను మీద తన మీద వేసుకున్నాడు, అబ్రాహాము పొందిన ఆశీర్వచనం ఆయన ద్వారా మనకు ఆత్మగా వచ్చింది. ప్రమోషన్ రాలేదని, ఉద్యోగం పోయిందని, తాను తోక అయిపోయానని కుమిలిపోయిన యువకులను ఈ నగరంలో చూశాను. వారికి కావలసింది ఇంకో కార్డు కాదు, ఈ రెండు వచనాలు.

అపోహ: క్రొత్త నిబంధన సంఘం కోసం వచ్చింది, దానితో ఇశ్రాయేలు కథ ముగిసింది.

వాస్తవం: "క్రొత్త నిబంధన" అన్న మాట పుట్టిందే పాత నిబంధన పుస్తకంలో. యిర్మీయా 31:31 ప్రకారం దేవుడు దానిని చేయబోయేది "ఇశ్రాయేలువారితోను యూదావారితోను". హెబ్రీ 8వ అధ్యాయం యిర్మీయా 31:31-34 అనే ఆ నాలుగు వచనాలనూ పూర్తిగా ఎత్తి వ్రాసింది. అందులో కొత్తగా ఉన్నది ధర్మవిధి కాదు, అది వ్రాయబడే చోటు. రాతి పలకల మీది నుండి అది హృదయం మీదికి వస్తుంది, పాపం ఇక జ్ఞాపకం చేసుకోబడదు. రోమా 11లో అన్యజనులమైన మనం వేరొక చెట్టుగా నాటబడలేదు, ఉన్న ఒలీవ చెట్టుకే అంటుకట్టబడ్డాం.

ఈ విషయంలో భక్తిపరుల మధ్య నిజమైన భేదాలున్నాయి. వెస్ట్‌మినిస్టర్ సంప్రదాయం ఒకే కృపా నిబంధన వేర్వేరు కాలాలలో నడిచిందంటుంది. 19వ శతాబ్దపు బ్రెదరిన్ బోధకుడు డార్బీ బోధ నుండి, 1909 నాటి స్కోఫీల్డ్ వ్యాఖ్యాన బైబిలు నుండి వచ్చిన సంప్రదాయం ఇశ్రాయేలునూ సంఘాన్నీ స్పష్టంగా వేరుచేస్తుంది, మన తెలుగు బ్రెదరిన్ సహవాసాలలో దాని ప్రభావం బలమైనది. నేను మొదటి పక్షానికి దగ్గరగా ఉంటాను. అయినా "ఏది పాతగిలి ఉడిగిపోవునో అది అదృశ్యమగుటకు సిద్ధముగా ఉన్నది" అన్న హెబ్రీ 8:13 ఉండగా, సీనాయి నిబంధనకే కొత్త రంగు వేశారని మాత్రం అనలేను.

అపోహ: ప్రభువు బల్లను అర్థం చేసుకోవడానికి సువార్తలు చాలు.

వాస్తవం: నిర్గమకాండము 24 పక్కన పెట్టుకుని లూకా 22 చదివి చూడండి. మోషే 12 గోత్రాలకు 12 స్తంభాలు నిలిపాడు, రక్తంలో సగం బలిపీఠం మీద, సగం ప్రజల మీద ప్రోక్షించి "ఇదే నిబంధన రక్తము" అన్నాడు. తరువాత 70 మంది పెద్దలు అతనితో కొండ ఎక్కారు. దేవుడు వారికి ఏ హానీ చేయలేదు. వారు దేవుని చూచి అన్నపానములు పుచ్చుకొనిరి. యెరూషలేము మేడగదిలో ఆ రాత్రి యేసు గిన్నె ఎత్తుకున్నప్పుడు, భోజనపు బల్ల చుట్టూ 12 మంది కూర్చుని ఉన్నారు.