పండగ హడావుడిలో నిండు చూలాలు: అపోహలు - వాస్తవాలు

డిసెంబరు చివరికి వచ్చేసరికి మా ఓపీలో అడిగే ప్రశ్నలు మారిపోతాయి. "మేడం, పండక్కి ఊరెళ్లొచ్చా?", "అరిసెలు తినొచ్చా?", "ఉత్తరాయణం వచ్చేదాకా కాన్పు ఆగుతుందా?" అడిగేది గర్భిణి ఒక్కతే కాదు. పక్కన అత్తగారో, అమ్మో, భర్తో ఉంటారు. వాళ్లకీ ఇవే టెన్షన్లు.

ప్రసూతి వైద్యురాలిగా సంక్రాంతి రోజుల్లో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఆలస్యం. ఇంటినిండా చుట్టాలు ఉంటారు, పొయ్యి మీద మూకుడు దిగదు, పిల్లల అల్లరి. ఆ సందడిలో గర్భిణి ఒంట్లో వచ్చిన మార్పు ఎవరి కంటా పడదు. ఆమెకు తెలిసినా, అందరి సంతోషం పాడుచేయడం ఎందుకని "పండగ అయ్యాక చూపించుకుందాంలే" అనుకుంటుంది. కనుమ మర్నాడు మా దగ్గరికి వచ్చే కష్టమైన కేసుల్లో చాలావాటి వెనక ఈ మాటే ఉంటుంది. ఆ మాట అనిపించే అపోహలు కొన్ని ఉన్నాయి. వాటి గురించే రాస్తున్నాను.

అపోహ: నెలలు నిండాక కడుపులో చోటు ఉండదు కాబట్టి బిడ్డ కదలికలు తగ్గిపోతాయి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. చదువుకున్నవాళ్లు కూడా దీన్ని నమ్ముతారు.

తొమ్మిదో నెలలో కదలికల తీరు మారుతుంది. మునుపటిలా పల్టీలు కొట్టినట్టు కాకుండా ఒత్తినట్టు, దొర్లినట్టు, పక్కకు సాగినట్టు తెలుస్తుంది. అంతేగానీ కదలికలు తగ్గకూడదు. నొప్పులు మొదలయ్యేదాకా, మొదలయ్యాక కూడా ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కదులుతూనే ఉంటుంది. మాయ నుంచి అందే ఆక్సిజన్ తగ్గినప్పుడు బిడ్డ తన శక్తిని దాచుకోవడానికి కదలడం తగ్గిస్తుంది. బయటికి కనిపించే మొదటి గుర్తు చాలాసార్లు అదొక్కటే. నొప్పి ఉండదు, రక్తం కనపడదు, జ్వరం రాదు.

పండగ రోజుల్లో ఇంకో చిక్కు ఉంది. నిలబడి పనిచేస్తున్నప్పుడు, నలుగురితో మాట్లాడుతున్నప్పుడు కదలికలు అంతగా తెలియవు. "భోగి నుంచి సరిగ్గా తిరగట్లేదు మేడం, పనుల్లో పడి నేనే గమనించలేదేమో అనుకున్నా" అని కనుమ మర్నాడు వచ్చి చెబుతారు. అప్పటికి మూడు రోజులు గడిచిపోయి ఉంటాయి.

అందుకే ఎంత మంది చుట్టాలు వచ్చినా రోజుకోసారి, భోజనం అయ్యాక, తలుపు దగ్గరగా వేసుకుని ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. ఫోన్ పక్కన పెట్టండి. కదలికలు లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది రావాలి. చాలామందికి అరగంటలోపే వచ్చేస్తాయి. రాకపోయినా, రోజూ ఉండే తీరుకన్నా బాగా తగ్గాయనిపించినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. స్వీటు తిని చూద్దాం, చల్లటి నీళ్లు తాగి చూద్దాం, పొద్దున్న చూద్దాం అంటూ కూర్చోవద్దు. అక్కడ పొట్టకు బెల్టులు కట్టి బిడ్డ గుండె కొట్టుకునే తీరు చూస్తారు. ఎన్‌ఎస్‌టీ అంటారు, 20 నుంచి 40 నిమిషాల పని. అంతా బాగుందని తేలితే ఇంటికొచ్చి పండగ చేసుకోవచ్చు. అనవసరంగా వచ్చావని ఏ డాక్టరైనా విసుక్కుంటే పట్టించుకోకండి, మళ్లీ తగ్గితే మళ్లీ వెళ్లండి.

అపోహ: కాళ్ల వాపులు అందరికీ వచ్చేవే. పండగ తిండి పడక పైకడుపులో నొప్పి, గ్యాస్ అయ్యుంటుంది.

సాయంత్రానికి పాదాలు ఉబ్బి, రాత్రి పడుకుంటే తగ్గిపోవడం మామూలే. కానీ పొద్దున్న లేచేసరికి మొహం ఉబ్బి ఉన్నా, గాజులు, ఉంగరాలు బిగుసుకుపోయినా బీపీ చూపించుకోవాల్సిందే. గర్భిణికి బీపీ 140/90, అంతకన్నా ఎక్కువ ఉంటే అది ఇంట్లో కూర్చునే విషయం కాదు.

తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, కళ్ల ముందు మెరుపుల్లా కనిపించడం, పక్కటెముకల కింద కుడివైపునో, మధ్యలోనో నొప్పి, వాంతులు బీపీ ముదిరిందనడానికి గుర్తులు. గారెలు, పులిహోర తిన్న రోజున పైకడుపులో నొప్పి అంటే ఇంట్లో అందరూ గ్యాస్ అనే అంటారు. వాము నమిలిస్తారు, సోడా తాగిస్తారు. నిజానికి లివరు మీద ప్రభావం పడినప్పుడు వచ్చే నొప్పి కూడా సరిగ్గా ఆ చోటే వస్తుంది. అక్కడి నుంచి ఫిట్స్ దాకా పోవడానికి ఎంతో సమయం పట్టకపోవచ్చు. పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది దీన్నే. మూడు నెలల కిందట బీపీ నార్మల్‌గా ఉందన్నది ఇప్పటికి లెక్కలోకి రాదు. బీపీ చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. పీహెచ్‌సీలోనైనా, పక్క వీధి నర్సమ్మ దగ్గరైనా చూపించండి. ఎక్కువ ఉంటే అక్కడి నుంచి అటే పెద్దాసుపత్రికి వెళ్లండి. ఒకవేళ తక్కువ చూపించినా పైన చెప్పిన తలనొప్పి, చూపు మసక, నొప్పి ఉంటే డాక్టరు చూడాల్సిందే.

అపోహ: బాగా పనిచేస్తే నార్మల్ డెలివరీ అవుతుంది.

నడక మంచిది. తేలికపాటి ఇంటి పనీ మంచిదే. అలవాటున్నవాళ్లు నాలుగు చుక్కల ముగ్గు పెట్టుకున్నా తప్పులేదు. అయితే కాన్పు ఎలా అవుతుందన్నది బిడ్డ బరువు, తల ఎటు ఉంది, కటి ఎముకల వెడల్పు, నొప్పులు ఎలా సాగాయి, ఇలాంటి వాటిమీద ఆధారపడుతుంది. ఎన్ని కిలోల పిండి దంచింది, ఎంత మందికి వడ్డించింది అన్నది అక్కడ పనికిరాదు.

అరిసెల పాకం దగ్గర గంటల తరబడి నిలబడితే ఏమవుతుందో చెబుతాను. రక్తం కాళ్లలో నిలుస్తుంది, వేడికి ఒంట్లో నీరు తగ్గుతుంది, కళ్లు తిరుగుతాయి. మరుగుతున్న నూనె ముందు కళ్లు తిరగడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. నీరు తగ్గితే పొట్ట మాటిమాటికీ బిగుసుకుంటుంది. కూర్చుని చేసే పని ఇవ్వండి. అరిసెలు అద్దడం, సకినాలు చుట్టడం లాంటివి కుర్చీలో కూర్చుని, టేబుల్ మీద పెట్టుకుని చేయొచ్చు. గ్యాస్ బండ జరపడం, నీళ్ల బిందెలు ఎత్తడం, అటక మీది గిన్నెలు దించడం ఇంట్లో మగవాళ్ల పని. వదినా మరదళ్లు, తోడికోడళ్లు ఉన్న ఇంట్లో "ఆమె ఒక్కతే కూర్చుంది" అన్న మాట పుట్టకుండా చూసే బాధ్యత అత్తగారిది. ఈ మాట ఆవిడ ముందే చెప్పేస్తుంటాను, కోడలితో పాటు చెకప్‌కి వచ్చినప్పుడు.

అపోహ: అరిసెల్లో బెల్లం ఉంటుంది కాబట్టి రక్తం పడుతుంది.

బెల్లంలో ఐరన్ కొద్దిగా ఉంటుంది. రక్తహీనత తగ్గేంత కావాలంటే తినాల్సిన బెల్లంతో షుగర్ పెరిగిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 52.2 శాతం గర్భిణులకు రక్తహీనత ఉంది. ప్రభుత్వం ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. పండగ మూడు రోజులూ ముందుగా మర్చిపోయేది ఆ మాత్రనే. ఒకవేళ గుర్తుంచుకుని వేసుకున్నా, వచ్చినవాళ్లతో పాటు కాఫీ తాగుతూ వేసుకుంటారు. కాఫీ, టీ, పాలు, కాల్షియం మాత్ర, ఇవన్నీ ఐరన్ ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. రెండు గంటల ఎడం ఉండాలి. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది.

అరిసె తినకూడదని నేను చెప్పను. గర్భంతో షుగర్ వచ్చినవాళ్లు మాత్రం డైటీషియన్ ఇచ్చిన లెక్క పండగ రోజున కూడా పాటించాలి, ఇన్సులిన్ మానకూడదు. నువ్వులు వేడి, గర్భం నిలవదు అంటూ నువ్వుల అరిసె పక్కన పెట్టేస్తారు. వంటలో వాడేపాటి నువ్వుల వల్ల గర్భానికి హాని లేదు. కుంకుమపువ్వుతో బిడ్డ రంగు మారదు. నెయ్యి తాగితే కాన్పు జారుడుగా అయిపోదు, బరువు పెరుగుతుందంతే. నొప్పులు రావాలని ఆముదం మాత్రం ఇంట్లో ఎవరూ పట్టించవద్దు. వాంతులు, విరేచనాలతో ఒళ్లు సోలిపోయి వస్తారు, నొప్పులు తట్టుకునే శక్తి ఉండదు.

అపోహ: కారులోనే కదా వెళ్లేది, ఏమీ కాదు.

హైదరాబాద్-విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర సంక్రాంతి ముందు కార్లు ఎలా బారులు తీరతాయో అందరికీ తెలుసు. మామూలు రోజు నాలుగైదు గంటల దారి ఆ రోజు ఎంత అవుతుందో చెప్పలేం. ఆ లైన్లో ఉమ్మనీరు పోతే అంబులెన్సు రావడం కూడా కష్టం.

పుట్టింటికి వెళ్లాలంటే 36 వారాలు దాటకముందే, పండగ రద్దీ మొదలవకముందే వెళ్లిపోండి. బీపీ, మాయ కిందికి ఉండటం, కవలలు, ఇదివరకు నెలలు నిండకుండా కాన్పు కావడం లాంటివి ఉంటే అసలు వెళ్లొచ్చో లేదో మీ డాక్టరును అడగండి. రైల్లో గర్భిణులకు కింది బెర్తు కోటా ఉంది, టికెట్ తీసేటప్పుడు అడగండి. ఉచిత ప్రయాణం ఉంది కదా అని పండగ ముందు రోజుల్లో కిటకిటలాడే బస్సు ఎక్కి నిలబడి వెళ్లవద్దు. కారులో సీటు బెల్టు తప్పనిసరి. కింది పట్టీ పొట్ట మీద కాకుండా పొట్ట కింద, తొడల మీదుగా రావాలి. పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి. రెండు గంటలకోసారి దిగి నాలుగు అడుగులు నడవాలి. లేకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే అవకాశం ఉంది. ఒక్క పిక్క మాత్రమే వాచి, నొప్పిగా ఉంటే నిర్లక్ష్యం చేయవద్దు.

దారిలో బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. పదిహేను మంది ఉన్న ఇంట్లో ఒక్క బాత్రూమ్ ఉన్నా ఇదే జరుగుతుంది. పొద్దున్నే లైన్లో నిలబడలేక ఆపుకుంటారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, దానివల్ల నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు. ఈ విషయం మాతో చెప్పడానికే సిగ్గుపడతారు, ఇక మామగారి ముందు ఎలా అడుగుతారు? "ముందు తనని వెళ్లనివ్వండి" అని భర్త ఒక్క మాట అంటే సరిపోతుంది.

పుట్టింటి ఊళ్లో ఆసుపత్రికి పండగకు వారం ముందే ఒకసారి వెళ్లి పేరు రాయించుకోండి. తల్లీబిడ్డల కార్డు, స్కానింగులు, బ్లడ్ గ్రూపు కాగితం వెంట ఉండాలి. భోగి నుంచి కనుమ దాకా డ్యూటీలో ఎవరుంటారు, మత్తు డాక్టరు ఉంటారా అని అడగడంలో తప్పేమీ లేదు. చిన్న నర్సింగ్‌హోముల్లో చాలామంది సెలవు పెడతారు. నెగెటివ్ గ్రూపు అయితే రక్తం ఇచ్చేవాళ్లు ఎవరున్నారో ముందే చూసి పెట్టుకోండి.

అపోహ: మంచి రోజు చూసి ముందే ఆపరేషన్ చేయించుకుంటే ఏ గొడవా ఉండదు.

పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లని తేలింది. దేశం మొత్తానికి 21.5. మన దగ్గర ముహూర్తం అడగని వారం ఉండదు. వైద్యపరమైన కారణం లేకుండా 39 వారాలు నిండకముందు కోస్తే బిడ్డ శ్వాస అందక ఇబ్బంది పడే అవకాశం పెరుగుతుంది. ఏ మంచి ఘడియ కోసం తొందరపడ్డారో ఆ ఘడియలో పుట్టిన బిడ్డను అమ్మ చేతికి ఇవ్వలేక పసిబిడ్డల ఐసీయూ (ఎన్‌ఐసీయూ)లో పెట్టాల్సి వస్తుంది. డాక్టరు ఇప్పుడే తీయాలన్నప్పుడు ఉత్తరాయణం రానివ్వండి అని ఆపడం ఇంకా తప్పు.

అపోహ: మొదటి కాన్పుకి రోజంతా పట్టింది, దీనికీ అంతే పడుతుంది.

రెండో కాన్పు సాధారణంగా త్వరగా అవుతుంది. మొదటిసారి వాళ్లకు నొప్పులు ఐదు నిమిషాలకొకటి చొప్పున గంటసేపు వస్తే బయల్దేరమంటాం. రెండోసారి వాళ్లు అంతసేపు ఆగకూడదు. క్రమం తప్పకుండా వస్తున్నాయని తెలియగానే కదలాలి. మొదటి బిడ్డను ఎవరికి అప్పగించాలన్న దగ్గరే ఎక్కువ ఆలస్యం జరుగుతుంది. నాలుగేళ్ల పిల్లకు భోగిపళ్లు పోయాలి, ఆ వేడుక అయ్యాక వెళ్దాం అనుకుంటారు. ఆ పిల్లను ఎవరు చూసుకుంటారో పండక్కి ముందే తేల్చుకుని పిల్లకి కూడా చెప్పి ఉంచండి.

భోగి మంటకు దూరంగా ఉండండి. పాత టైర్లు, ప్లాస్టిక్ వేస్తే ఆ పొగ ఎవరికీ మంచిది కాదు.

అపోహ: కనుమ నాడు కాకి కూడా కదలదు, మనం గడప దాటకూడదు.

ఆ మాట ఊరి ప్రయాణాల గురించి. నలుగురూ ఒక్కచోట ఉన్న రోజున ఇంకో పూట ఉండమని పెద్దవాళ్లు ప్రేమగా ఆపడానికి పెట్టుకున్నది. ఉమ్మనీరు పోయినా, ఎర్రగా కనిపించినా, బిడ్డ తిరగకపోయినా, ఫిట్స్ వచ్చినా అది వర్తించదు. ఉమ్మనీరో మూత్రమో తేల్చుకోలేకపోతే శుభ్రమైన ప్యాడ్ పెట్టుకుని బయల్దేరండి, మేం చూసి చెబుతాం. రాహుకాలం, వర్జ్యం ఏ గంటకున్నా సరే. 108 పండగ మూడు రోజులూ పనిచేస్తుంది. ఫోన్ చేసేటప్పుడు ఎన్నో నెల, ఎన్నో కాన్పు, ఏం జరుగుతోంది, ఇంటికి గుర్తు ఏమిటి అన్నది స్పష్టంగా చెప్పండి. వీధిలో ముగ్గులు, పందిళ్లు ఉండి బండి లోపలికి రాలేకపోతే ఒకరు మలుపు దగ్గర నిలబడండి. ఆమెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఫైలు ఆమె చేతిసంచిలోనే ఉంచండి. వెంట ఇద్దరు చాలు, మిగతావాళ్లు పెద్దబిడ్డ దగ్గర ఉండండి.