మార్కులు తక్కువ, ఇంట్లో డబ్బు తక్కువ: పెద్ద కాలేజీల దరఖాస్తుపై అపోహలు - వాస్తవాలు

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ చెబుతాను. ఇంటర్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి ఆగస్టు దాకా మాత్రం నా పని దరఖాస్తులు, సర్టిఫికెట్లు, వెబ్ ఆప్షన్లు. మా పిల్లల్లో ఎక్కువమంది కూలి, కౌలు, ఆటో నడిపే కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. మార్కులు వెయ్యికి ఏడొందలు, ఎనిమిదొందలు. "ఆ కాలేజీలు మనకెక్కడివి మేడం" అని పిల్లల కంటే ముందు తల్లిదండ్రులే తేల్చేస్తారు. నేను చూసిన కేసుల్లో చేతిదాకా వచ్చిన సీటు జారిపోయింది మార్కుల వల్ల కంటే కాగితాల వల్ల, తేదీల వల్లే ఎక్కువ. అందుకే ఏటా వినే అపోహలను ఒకచోట రాస్తున్నాను.

అపోహ: ఇంటర్‌లో 950 దాటకపోతే పేరున్న కాలేజీ ఆశ వదులుకోవాలి.

ఒకప్పుడు ఇందులో నిజం ఉండేది. 2021లో ఢిల్లీ యూనివర్సిటీలో కొన్ని కాలేజీలు కొన్ని కోర్సులకు కటాఫ్ నూటికి నూరు పెట్టాయి. 2022లో సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశపరీక్ష సీయూఈటీ వచ్చాక లెక్క మారింది. ఇప్పుడు అక్కడ సీటు సీయూఈటీ స్కోరును బట్టి వస్తుంది. ఇంటర్ మార్కులు అర్హత చూడటానికి, ఇద్దరికి ఒకే స్కోరు వస్తే ఎవరు ముందో తేల్చడానికి పనికొస్తాయి. మన గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులకూ సీయూఈటీయే దారి.

ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పేరు మా పిల్లల్లో చాలామంది విననే వినరు. కోల్‌కతాలో బీ.స్టాట్, బెంగళూరులో బీ.మ్యాథ్ చెబుతారు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఇంగ్లిష్ ఉండి పాసైతే చాలు, శాతం అడగరు. ట్యూషన్ ఫీజు లేదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. అయితే వాళ్ల ప్రవేశపరీక్షలో ఫార్ములా బట్టీ పట్టినవాడు నిలబడలేడు, నిదానంగా ఆలోచించి జవాబు నిరూపించేవాడు నిలబడతాడు. మెమోలో 78 శాతం ఉన్నా మ్యాథ్స్ మీద ప్రేమ ఉన్న పిల్లలకు నేను మొదట చెప్పేది ఈ పరీక్ష గురించే. సైన్స్ చదువుకు, పరిశోధనకు పేరున్న కేంద్ర సంస్థ తిరుపతి ఐసర్‌లో చేరాలంటే ఇంటర్‌లో 60 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 55) ఉంటే చాలు, మిగతాది వాళ్ల ఆప్టిట్యూడ్ టెస్ట్ తేలుస్తుంది.

ఐఐటీ, ఎన్‌ఐటీల దగ్గర మాత్రం 75 శాతం నిబంధన ఉంది, ఎస్సీ, ఎస్టీలకు 65. లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో, అంటే పాసైనవాళ్లలో పై 20 శాతంలో ఉండాలి. మన బోర్డుల్లో మార్కులు ధారాళంగా పడతాయి కాబట్టి ఈ రెండో దారి మనవాళ్లకు పెద్దగా అక్కరకు రాదు. ఇక రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశపరీక్ష ఎప్‌సెట్ సంగతి. తెలంగాణలో ఇంటర్ వెయిటేజీ తీసేశారు, ఆంధ్రప్రదేశ్‌లో 25 శాతం ఉంది. పక్క రాష్ట్రంలో చదివే బావగారి అబ్బాయికి వర్తించింది మీకు వర్తించకపోవచ్చు.

ఇదంతా చదివి మార్కులతో పనే లేదనుకోవద్దు. ముందు మెమో తీసి మార్కులు ఎక్కడ పోయాయో చూడండి. భాషల్లో పోతే ఒక రకం, గ్రూపు సబ్జెక్టుల్లో పోతే ఇంకో రకం. ఫిజిక్స్‌లో అత్తెసరు మార్కులు వచ్చిన పిల్లాడు ఫిజిక్స్ ఎంట్రన్స్‌లో మెరిసిపోతాడని నేను చెప్పలేను.

అపోహ: సీయూఈటీ రాసేస్తే సీటు దానంతటదే వస్తుంది.

రాదు. రాసిన తర్వాత ఏ యూనివర్సిటీ కావాలో దాని పోర్టల్‌లో మళ్లీ విడిగా రిజిస్టర్ కావాలి. ఢిల్లీకి ఒకటి, హైదరాబాద్‌కు ఒకటి. మంచి స్కోరు తెచ్చుకుని ఇది తెలియక ఇంట్లో కూర్చున్న పిల్లలు ప్రతి ఏడాదీ తగులుతారు. అంతకంటే ముందు వచ్చే చిక్కు టెస్టుల ఎంపిక. ఏ కోర్సుకు ఏ సబ్జెక్టు టెస్టులు, ఏ భాష, జనరల్ టెస్ట్ కావాలో లేదో ప్రతి యూనివర్సిటీ వేరుగా చెబుతుంది. దరఖాస్తు రోజున నెట్ సెంటర్ కుర్రాడు టిక్ పెట్టినవే రాస్తే, తీరా కావలసిన కోర్సుకు అర్హతే ఉండదు.

నెట్ సెంటర్ అంటే గుర్తొచ్చింది. దరఖాస్తులో ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ మీవే ఇవ్వండి. తొందరలో వాళ్ల మెయిల్ పెట్టేస్తారు. జూన్‌లో ఓటీపీ కోసం ఆ షాపు చుట్టూ తిరగాలి, ఆ షాపు ఉంటే.

అపోహ: ఐఐటీ ఫీజు మధ్యతరగతికే భారం, మనలాంటివాళ్లు కట్టలేరు.

ఐఐటీ బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు. వెబ్‌సైట్‌లో ఈ అంకె చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. కింద ఉన్నది చదవరు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. మిగతావాళ్లలో కుటుంబ వార్షిక ఆదాయం లక్ష లోపు ఉంటే పూర్తి మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. అంటే కట్టేది దాదాపు 67 వేలు. ఎన్‌ఐటీల్లో ట్యూషన్ ఫీజు ఏడాదికి లక్షా పాతిక వేలు, మాఫీ పద్ధతి ఇదే.

అయితే మాఫీ అన్నది ట్యూషన్ ఫీజుకే. హాస్టల్, మెస్, ప్రయాణం, మొదటి నెల ఖర్చులు వేరు. 2024లో రాజన్న సిరిసిల్ల జిల్లా గిరిజన విద్యార్థిని ఒకరికి ఐఐటీ పట్నాలో సీటు వచ్చినా మిగతా ఖర్చులకు డబ్బు లేక మేకలు కాస్తూ ఉండిపోయింది. వార్తల్లోకి వచ్చాక రాష్ట్ర ప్రభుత్వం కట్టింది. అందరి కథా వార్తల్లోకి రాదు కదా.

అదే ఏడాది ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాకు చెందిన దినసరి కూలీ కొడుకుకు ఐఐటీ ధన్‌బాద్‌లో సీటు వచ్చింది. గడువు లోపల కట్టాల్సింది 17,500 రూపాయలు. చివరి నిమిషాల్లో డబ్బు సమకూరింది గానీ పోర్టల్ మూసుకుపోయింది. సుప్రీంకోర్టు తన ప్రత్యేక అధికారాన్ని వాడి సెప్టెంబరులో అతనికి సీటు ఇప్పించింది. మన పిల్లలకు సుప్రీంకోర్టు దాకా వెళ్లే ఓపిక ఉండదు. అందుకే మార్చి నుంచే సీటు నిలుపుకునే ఫీజు కోసం ఒక మొత్తం విడిగా పెట్టమని చెబుతాను. పొదుపు సంఘం అప్పు తీసుకోవాలన్నా, మేనమామను అడగాలన్నా అప్పుడే అడగాలి. అలాట్‌మెంట్ వచ్చాక ఉండేది నాలుగైదు రోజులే.

అపోహ: ఒక ఆదాయ సర్టిఫికెట్, ఒక కుల సర్టిఫికెట్ ఉంటే అన్నిచోట్లా చెల్లుతాయి.

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

మీసేవలోనో సచివాలయంలోనో తీసుకున్న బీసీ-ఏ, బీసీ-డి సర్టిఫికెట్ రాష్ట్ర కౌన్సెలింగ్‌కు పనికొస్తుంది. ఐఐటీ, ఎన్‌ఐటీ, సెంట్రల్ యూనివర్సిటీలకు కావాల్సింది కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉన్న ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (బీసీల్లో సంపన్న శ్రేణి కాదని చెప్పే) సర్టిఫికెట్. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు, అది ముందే చూసుకోవాలి. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు ఇచ్చే జోసా కౌన్సెలింగ్‌కు ఆ సర్టిఫికెట్ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. పోయినేడు అన్నకు తీసుకున్నప్పుడే ఈ పిల్లకూ తీశాం అంటారు, అది చెల్లదు.

ఆదాయం లెక్క దగ్గర ఇంకో గందరగోళం. ఓబీసీ నాన్ క్రీమీలేయర్‌కూ, ఈడబ్ల్యూఎస్‌కూ (మిగతా రిజర్వేషన్లు వర్తించని కులాల పేదల కోటా) పరిమితి 8 లక్షలే. కానీ ఓబీసీ విషయంలో తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం ఆ 8 లక్షల్లో కలపరు. ఈడబ్ల్యూఎస్‌కు అన్నీ కలుపుతారు. పైగా కేంద్ర ఈడబ్ల్యూఎస్‌కు ఆస్తుల నిబంధన కూడా ఉంది. ఐదెకరాలు, అంతకు మించి వ్యవసాయ భూమి ఉంటే ఆదాయం ఎంత తక్కువైనా రాదు. మెట్ట ప్రాంతంలో ఏడెకరాలు బీడుగా పడున్న కుటుంబానికి ఇది అన్యాయమే అనిపిస్తుంది నాకు. కానీ నిబంధన అది.

పేర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, కుల సర్టిఫికెట్‌లో ఇంకో స్పెల్లింగ్. ఇంటర్ ఫస్టియర్‌లోనే టెన్త్ మెమో ప్రకారం ఆధార్ మార్పించుకోండి. సెకండియర్ ఏప్రిల్‌లో ఆధార్ సెంటర్ దగ్గర లైన్ చూస్తే టెన్షన్ తప్పదు.

అపోహ: ఆప్షన్లలో ఖాయంగా వచ్చేదాన్నే మొదట పెట్టాలి, లేకపోతే అదీ పోతుంది.

లెక్కల టీచరుగా నాకు ఇది వింటేనే ప్రాణం ఉసూరుమంటుంది. జోసాలో కంప్యూటర్ మీ జాబితాను పై నుంచి చదువుతూ, మీ ర్యాంకుకు మొదట దొరికిన సీటు ఇస్తుంది. పైన పది అందని ఆప్షన్లు పెట్టినా, పదకొండోదానికి మీ హక్కు ఏమాత్రం తగ్గదు. ఖాయంగా వచ్చేదాన్ని మొదట పెడితే మాత్రం దాని కింద ఉన్న మంచి సీటు మీ ర్యాంకుకు వచ్చేదైనా రాదు. కాబట్టి నిజంగా ఇష్టమైన వరుసలోనే పెట్టండి, చివర్లో మాత్రం ఖాయంగా దొరికేవి ఉండేలా చూసుకోండి. సీటు వచ్చాక ఇంకా పైది కావాలంటే ఫ్లోట్ పెట్టొచ్చు, చేతిలో ఉన్న సీటు పైది దొరికేదాకా ఎక్కడికీ పోదు.

అపోహ: పొలం తాకట్టు పెట్టకపోతే బ్యాంకు లోన్ ఇవ్వదు.

పీఎం విద్యాలక్ష్మి పథకానికి కేంద్ర కేబినెట్ 2024 నవంబరులో ఆమోదం తెలిపింది. ప్రభుత్వ జాబితాలోని నాణ్యమైన విద్యాసంస్థల్లో (మొదట్లో 860) మెరిట్ మీద సీటు వచ్చినవాళ్లకు తాకట్టు, హామీదారు లేకుండా లోన్. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు లోన్ మీద, కోర్సు కాలంలోనూ ఆ తర్వాతి మారటోరియంలోనూ (వాయిదాలు మొదలుకాని గడువు) 3 శాతం వడ్డీ రాయితీ. ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండి టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సు అయితే ఆ కాలానికి వడ్డీ మొత్తం ప్రభుత్వమే భరిస్తుంది. బ్రాంచిలో "మా దగ్గర అలాంటివేం లేవమ్మా" అంటే నోటి మాట విని తిరిగి రాకండి. పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి ఆ నంబరుతో వెళ్లండి, మాట తీరు మారుతుంది.

అపోహ: ప్రైవేటు యూనివర్సిటీలంటే డబ్బున్నవాళ్లకే.

చాలావాటి విషయంలో నిజమే. కానీ బెంగళూరు, భోపాల్‌లలోని అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ, సోనీపత్‌లోని అశోకా యూనివర్సిటీ కుటుంబ ఆదాయాన్ని బట్టి ఆర్థిక సాయం ఇస్తాయి, అవసరాన్ని బట్టి ట్యూషన్ ఫీజు, వసతి ఖర్చులతో సహా. సొంత పరీక్ష, ఇంటర్వ్యూ పెడతాయి. సాయం కోసం మీరు అడగాలి, ఆదాయం కాగితాలు పంపాలి. అడగని వాళ్లకు ఇవ్వరు.

ఇలాంటిచోట వ్యాసం రాయాల్సి వస్తుంది. మనవాళ్లు అక్కడ కష్టాల చిట్టా విప్పుతారు. ఒకమ్మాయి మొదటి డ్రాఫ్ట్‌లో కౌలు, అప్పులు, అమ్మ అనారోగ్యం, అన్నీ ఉన్నాయి, ఆ అమ్మాయి తప్ప. చివర్లో ఎక్కడో ఒక వాక్యం కనిపించింది: ఎరువుల షాపు బిల్లులు కూర్చుని లెక్కేసి, వడ్డీ ఎక్కువ వేశారని పట్టుకుని, నాన్నతో వెళ్లి తగ్గించుకొచ్చిందట. దాంతోనే మొదలుపెట్టమన్నాను. పేదరికం దరఖాస్తు ఫారంలోని ఆదాయం గడిలో ఎలాగూ ఉంది, వ్యాసంలో ఉండాల్సింది మీరు ఏం చేశారన్నది. మార్కులు ఎందుకు తగ్గాయో చెప్పాలంటే రెండు వాక్యాలు చాలు: ఏం జరిగింది, ఆ తర్వాత ఏం మారింది. లెక్చరర్ల మీద, కాలేజీ మీద ఫిర్యాదులు వద్దు. అవి నిజమే అయినా, వాటి వల్ల చదివేవాళ్లకు మీ గురించి ఏమీ తెలియదు.

అపోహ: తెలుగు మీడియం వాళ్లకు ఈ పరీక్షలు కుదరవు.

జేఈఈ మెయిన్, సీయూఈటీ తెలుగులోనూ రాయొచ్చు. జేఈఈ అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. టెన్త్ దాకా తెలుగులో, ఇంటర్ ఇంగ్లిష్‌లో చదివినవాళ్లు తెలుగు పేపర్ ఎంచుకునే ముందు పాత పేపర్ ఒకటి చూడండి. 'కోణీయ ద్రవ్యవేగం' (యాంగ్యులర్ మొమెంటమ్) అన్న మాట హాల్లోనే మొదటిసారి చూస్తే తికమకే.

అపోహ: అమెరికాలో డిగ్రీ అంటే కోటి రూపాయలు ఉండాల్సిందే.

హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్‌స్ట్ లాంటి కొద్ది కాలేజీలు విదేశీ విద్యార్థి ఆర్థిక స్థితి చూడకుండానే ఎంపిక చేసి, కుటుంబం కట్టలేనంత మేరకు తామే భరిస్తాయి. అయితే వచ్చే దరఖాస్తుల్లో నూటికి ఐదారుగురిని కూడా తీసుకోనివే వీటిలో ఎక్కువ. కన్సల్టెన్సీలు చూపించే మిగతా కాలేజీల్లో చాలావరకు డిగ్రీకి విదేశీ విద్యార్థులకు ఇచ్చే సాయం నామమాత్రం. మా పిల్లలకు నేను దీన్ని మొదటి దారిగా చెప్పను.

అపోహ: ఏ సీటైనా ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది.

కౌన్సెలింగ్‌లో ఏదీ రాలేదని కంగారుపడి ఆగస్టులో చేసే పొరపాటు ఇది. రెండు రాష్ట్రాల్లోనూ రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీట్లకే, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చినవాటికే. మేనేజ్‌మెంట్ కోటాకు రాదు, స్పాట్ అడ్మిషన్‌లో చేరినవాళ్లకూ రాదు. "అన్నీ మేం చూసుకుంటాం, ముందు ఒరిజినల్స్ ఇవ్వండి" అనే పీఆర్వోలు ఇంటికే వస్తారు. ఒరిజినల్స్ ఇవ్వకండి. అలాట్‌మెంట్ ఆర్డర్ అడిగి, అందులో కన్వీనర్ కోటా అని ఉందో లేదో మీ కళ్లతో చూశాకే చేరండి.