ఒకే రెపోలో మూడు సైట్లు: మోనోరెపోపై అపోహలు - వాస్తవాలు

విజయనగరం కంటోన్మెంట్‌లో ఒక మేడ మీద గదిలో నలుగురం వెబ్‌సైట్లు చేస్తుంటాం. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారికి మూడు సైట్లు చేశాం: కొనేవాళ్లకు దుకాణం, ఆయనకు లెక్కలు, ఊరూరా తిరిగి ఆర్డర్లు రాసుకునే ఏజెంట్లకు ఇంకొకటి. మొదట్లో మూడూ మూడు రెపోలు (కోడ్‌ను, దాని మార్పుల చరిత్రను దాచే చోట్లు). ఒకే ఆర్డరు దుకాణంలో ₹1,25,000 అని, లెక్కల్లో ₹125,000 అని కనిపించేది. రూపాయలను చూపించే ఫంక్షన్‌ను మూడు చోట్లకూ కాపీ చేశాం గానీ, లొకేల్‌ను (అంకెలు ఏ దేశపు పద్ధతిలో రాయాలో చెప్పే గుర్తు) ‘ఎన్-ఐఎన్’ అని, అంటే మన దేశపు పద్ధతికి దిద్దింది ఒక్కచోటే. అంకె సరిగానే ఉంది, కామా జరిగింది. డబ్బు విషయంలో కామా జరిగినా గుండె గుభేలుమంటుంది. ఆ వారమే మూడింటినీ ఒకే రెపో గూటికి చేర్చాం. దీన్నే మోనోరెపో అంటారు. అప్పటి నుంచి ఈ పని చేసే మిత్రులు కలిసినప్పుడల్లా ఈ మాటలే వినిపిస్తున్నాయి.

అపోహ: మోనోరెపో గూగుల్ లాంటి సంస్థలకే.

గూగుల్ ఇంజినీర్లు 2016లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, 2015 జనవరి నాటికే వాళ్ల ఒక్క రెపోలో దాదాపు 200 కోట్ల లైన్ల కోడ్, 86 టెరాబైట్ల సమాచారం ఉన్నాయి. అంతకుముందు వాడిన పెర్ఫోర్స్ ఆ బరువు మోయలేక పైపర్ అని సొంత వ్యవస్థ కట్టుకున్నారు. ఆ తిప్పలు వాళ్లవి. మన మూడు సైట్లకు ఎన్‌పీఎమ్ (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను తెచ్చిపెట్టే పనిముట్టు) చాలు. 2020లో వచ్చిన 7వ వెర్షన్ నుంచి వర్క్‌స్పేసెస్ (ఒకే రెపోలో అనేక ప్యాకేజీలను నడిపే సదుపాయం) అందులోనే ఉన్నాయి. పైనున్న ప్యాకేజ్ జేసన్‌లో ఫోల్డర్ల పేర్లు రాసి ఇన్‌స్టాల్ చేస్తే, ప్రతి ఉమ్మడి ప్యాకేజీకీ నోడ్ మాడ్యూల్స్‌లో (ప్యాకేజీలు దిగే ఫోల్డర్‌లో) ఒక సింలింక్, అంటే అసలు ఫోల్డర్‌కు దారి చూపే గుర్తు, పడుతుంది. ఆ రూపాయల ఫంక్షన్ ఇప్పుడు ఒక్కచోటే ఉంది. దిద్దితే మూడు సైట్లకూ అదే అందుతుంది.

అపోహ: రెపో ఒకటైతే అన్నీ కలిపి ఒకేసారి డెప్లాయ్ చేయాలి (వాడుకలోకి పంపాలి).

ఒకే పనస దుంగను తొలిచి చేసే బొబ్బిలి ఏకాండి వీణ లాంటిది మోనోలిత్, అంటే అన్నీ ఒకే ప్రోగ్రామ్‌గా ఉండేది. మోనోరెపో వీణ కాదు, వీణలు చేసే సాల. ఉలి అందరిదీ, ఏ వీణ ఎప్పుడు సిద్ధమైతే అది అప్పుడు బయటికి వెళ్తుంది. మా దుకాణం వారానికి రెండుసార్లు మారుతుంది, లెక్కల సైటును నెలల తరబడి ముట్టుకోం.

అపోహ: రెండుచోట్ల కనిపించిందల్లా ఉమ్మడిలో పెట్టాలి.

ఇందులో నేనే పడ్డాను. సరుకు కార్డును ఉత్సాహంగా ఉమ్మడి చేశాను. దుకాణంలో దానికి బొమ్మ, ధర కావాలి. లెక్కల్లో ఎన్ని డబ్బాలు మిగిలాయో కావాలి. ఏజెంటుకు డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 లాంటి గ్రేడులు పక్కపక్కన కావాలి. ఒక్కో అవసరానికి ఒక్కో ప్రాప్ (కార్డుకు బయటి నుంచి అందించే విలువ) తగిలిస్తూ పోతే పద్నాలుగు తేలాయి. ‘ఇది ఏజెంట్ సైటా?’ అని అడిగే ప్రాప్ పుట్టిన రోజు కార్డును మూడు ముక్కలు చేసి ఎవరిది వారికి ఇచ్చేశాను. చూడటానికి ఒకేలా ఉండటం వేరు, ఒకే కారణంతో మారడం వేరు. బటన్, ఇన్‌పుట్, రూపాయల ఫంక్షన్, రంగులు ఒకే కారణంతో మారతాయి. మిగతావి వేరు కుంపట్లు పెట్టుకుంటేనే మేలు.

అపోహ: కాంపొనెంట్‌తో (బటన్, కార్డు లాంటి తెర ముక్కతో) పాటు దాని అందం కూడా వచ్చేస్తుంది.

రాదు. ఉమ్మడి బటన్‌ను మొదటిసారి దుకాణంలోకి తెచ్చినప్పుడు తెల్లటి తెరమీద ఒట్టి అక్షరాలు కనిపించాయి. మా జూనియర్ గంటసేపు కుస్తీ పట్టి, “అక్కా, క్లాసులన్నీ ఉన్నాయి, రంగు మాత్రం లేదు” అన్నాడు. మేం వాడే టెయిల్‌విండ్ అనే పనిముట్టు తాను చదివిన ఫైళ్లలో కనిపించిన క్లాసులకే (రంగు, కొలతలను సూచించే పేర్లకే) సీఎస్ఎస్, అంటే తెర అందాన్ని చెప్పే కోడ్, పుట్టిస్తుంది. ఉమ్మడి ఫోల్డర్ దుకాణం ఫోల్డర్‌కు బయట ఉంది, నోడ్ మాడ్యూల్స్‌లోకి అది తొంగిచూడదు. మూడో వెర్షన్‌లోనైతే కంటెంట్ జాబితాలో, నాలుగో దానిలోనైతే సోర్స్ ఆదేశంతో ఆ దారి చూపించాలి. ఇంకో చిక్కు: రంగు పేరును వేరియబుల్‌లో పెట్టి క్లాసు పేరును ముక్కలుగా అతికిస్తే దానికి తెలియదు. అది కోడ్‌ను నడపదు, అక్షరాలుగా చదువుతుంది, అంతే. క్లాసు పేరు పూర్తిగా రాయాల్సిందే.

రంగులు, ఖాళీలు, అక్షరాల కొలతలు మేం సీఎస్ఎస్ వేరియబుల్స్‌గా ఒక ఫైలులో పెట్టుకున్నాం. అందులో లైన్-హైట్ (వరుస ఎత్తు) కథ చెప్పాలి. ఇంగ్లిషు డిజైన్ చూసి శీర్షికలకు 1 అని పెట్టాం, పొడవు పేర్లను కత్తిరించడానికి ఓవర్‌ఫ్లో హిడెన్ (హద్దు దాటినదాన్ని దాచే నియమం) కూడా తగిలించాం. మర్నాడు పలాస నుంచి ఫోను: “సరుకులో కోత విన్నాను గానీ, పేరులో కోత ఏమిటమ్మా?” తెర చూస్తే ‘జీడిపప్పు’లో ప వత్తు సగం తెగిపోయి ఉంది. శ్రీకాకుళంలో ‘శ్రీ’దీ అదే గతి. తెలుగు అక్షరం కింద వత్తుకు చోటు కావాలి. ఇప్పుడు 1.6 పెట్టాం. దిద్దింది ఒక్క లైను, బాగుపడినవి మూడు సైట్లు. ఆ రోజు మోనోరెపో మీద నాకు నిజంగా ప్రేమ పుట్టింది.

అపోహ: రెపో ఒకటి కాబట్టి వెర్షన్లు వాటంతట అవే కలుస్తాయి.

ఉమ్మడి ప్యాకేజీలో రియాక్ట్‌ను (తెరలు కట్టే లైబ్రరీని) మామూలు డిపెండెన్సీగా, అంటే తనతో తెచ్చుకునే లైబ్రరీగా రాసి, అందులో ఒక వెర్షన్, సైటులో పొసగని మరో వెర్షన్ ఉంటే రెండు రియాక్ట్‌లు దిగుతాయి. అప్పుడు హుక్స్ అనే రియాక్ట్ ఫంక్షన్లు మొరాయిస్తాయి. చెల్లని హుక్ పిలుపు అంటూ ఎర్రటి దోషం వస్తుంది. ఉమ్మడి ప్యాకేజీలో రియాక్ట్ ఉండాల్సిన చోటు పీర్ డిపెండెన్సీస్, అంటే వాడుకునే సైటు దగ్గర ఉండాల్సిన వాటి జాబితా. ఇంకొకటి, ఎన్‌పీఎమ్ ప్యాకేజీలను పైకి లాగి పెడుతుంది కాబట్టి, జాబితాలో రాయని లైబ్రరీ కూడా ఇంపోర్ట్ అయిపోతుంది. పక్క సైటు దాన్ని తీసేసిన రోజు మీది కూలుతుంది. ఎన్‌పీఎమ్‌కు బదులు వాడే పీఎన్‌పీఎమ్ ఈ విషయంలో కాస్త కఠినం, అందుకే తర్వాత దానికి మారాం.

అపోహ: టర్బోరెపోనో, ఎన్ఎక్స్‌నో పెట్టకపోతే మోనోరెపో కాదు.

అవి ముఖ్యంగా మారని వాటిని మళ్లీ బిల్డ్ చేయకుండా ఆదా చేసే పనిముట్లు. మా బిల్డ్ టీ తాగేలోపు అయిపోతుంది. అవసరం పడినప్పుడు చూస్తాం.

అపోహ: ఒకసారి కలిపితే విడదీయలేం.

కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌కు ఫిల్టర్-రెపో అనే పనిముట్టు ఉంది, దానితో ఒక ఫోల్డర్‌ను దాని కమిట్ల (నమోదైన మార్పుల) చరిత్రతో సహా బయటికి తీయవచ్చు. ఏజెంట్ల సైటును ఈ మధ్యే వేరే బృందానికి అలాగే అప్పగించాం. వాళ్లకు ఉమ్మడి బటన్ కూడా కావాలి కదా, దాన్ని మాత్రం కాపీ చేసి ఇచ్చాం.