రొయ్య మీద సుంకం: ఆ 8.26 శాతం వెనక కథ

2025 ఆగస్టు 27. అమెరికా గడియారం ప్రకారం ఆ తేదీ మొదలయ్యేలోపు ఓడెక్కి, సెప్టెంబర్ 17 లోపు అక్కడి కస్టమ్స్ దాటిన భారత్ రొయ్యల కంటైనర్‌కి 25 శాతం సుంకం. ఒక్కరోజు ఆలస్యంగా ఎక్కితే 50 శాతం. ఎవరికి ఎంత పడుతుందో తేల్చింది బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు ఓడెక్కినట్టు ఇచ్చే రసీదు, మీద ఉన్న తేదీ.

ఆ 50కి పాత సుంకాలు రెండు కలిపితే 58.26 అయింది. మరీ తక్కువ ధరకి అమ్మారని వేసే యాంటీ డంపింగ్ 2.49, ప్రభుత్వ సాయం అందిందని వేసే కౌంటర్‌వెయిలింగ్ 5.77. అందరి నోటా 50 శాతమే నానింది. నా మటుకు, ఎగుమతిదారుడూ రైతూ బాగా తెలుసుకోవాల్సింది మిగతా 8.26 గురించే. ఒక సంతకంతో వచ్చిన సుంకం ఇంకో సంతకంతో పోవచ్చు. ఇవి అలా పోయేవి కావు.

కథ 2003 డిసెంబర్ 31న మొదలైంది. భారత్, చైనా, థాయ్‌లాండ్, వియత్నాం, ఈక్వెడార్, బ్రెజిల్ తమ రొయ్యల్ని న్యాయమైన ధర కంటే తక్కువకి తెచ్చి పోస్తున్నాయని అమెరికా దక్షిణ తీరంలో రొయ్యలు పట్టేవాళ్లు పిటిషన్ వేశారు. 2005 ఫిబ్రవరి 1న యాంటీ డంపింగ్ సుంకం ఖాయమైంది. విడిగా లెక్క తేల్చిన రెండు మూడు కంపెనీలు పోగా మిగతా భారతీయ కంపెనీలకి 10.17 శాతం. అప్పటికి సునామీ వచ్చి ఐదు వారాలు. ఆ కారణంగా భారత్, థాయ్‌లాండ్‌ల విషయం మళ్లీ పరిశీలించారు కానీ సుంకం తీసేయలేదు.

సుంకంతో పాటు, ఏడాది దిగుమతుల విలువ మీద లెక్కకట్టి అదనంగా బాండ్ కూడా పెట్టమన్నారు. డబ్బు ముందే కట్టించుకుని మళ్లీ హామీ ఏమిటని భారత్ ప్రపంచ వాణిజ్య సంస్థకి వెళ్లింది, 2008లో గెలిచింది. బాండ్ గొడవ తీరింది, సుంకం మిగిలింది. ఐదేళ్లకోసారి కొనసాగించాలా వద్దా అని సమీక్షించాలి. 2011, 2017, 2023లో మూడుసార్లూ కొనసాగించారు.

ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. సరుకు దిగినప్పుడు కట్టేది అసలు సుంకం కాదు, డిపాజిట్ మాత్రమే. ఏటా ఫిబ్రవరిలో సమీక్ష కోరవచ్చు. కోరితే అమెరికా వాణిజ్య శాఖ పెద్ద ఎగుమతిదారులు ఇద్దరు ముగ్గుర్ని ఎంచుకుని, వాళ్ల ఖాతా పుస్తకాలు తిరగేసి కొత్త రేటు తేలుస్తుంది. సమీక్షలో ఉన్న మిగతా కంపెనీలకి మామూలుగా ఆ సగటే. పెరిగితే ఎప్పుడో అమ్మేసిన సరుకు మీద వడ్డీతో సహా ఇంకా కట్టాలి, తగ్గితే వెనక్కి వస్తుంది. తేలేసరికి ఏడాది పైనే పడుతుంది. అంతవరకూ టెన్షనే.

మరి ఆ బాకీ ఎవరిది? కాంట్రాక్టులో మూడక్షరాలు చెప్తాయి. సీఐఎఫ్ అని రాసుకుంటే ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ మనవి, సుంకం కొనేవాడిది. డీడీపీ అని రాసుకుంటే సరుకు సుంకం కట్టి మరీ అప్పగించాలి. మన రొయ్యల కంపెనీలు చాలా వరకు డీడీపీ మీదే అమ్ముతాయి. అంటే రికార్డుల్లో ఇంపోర్టర్ మన కంపెనీయో, దాని అమెరికా శాఖో. పాత సంవత్సరాల బాకీ కూడా తలుపు తట్టేది అక్కడే.

పోనీ కొనేవాడినే ఇంపోర్టర్‌గా పెట్టి, అతను కట్టిన యాంటీ డంపింగ్ సుంకాన్ని తర్వాత మనం సర్దేద్దాం అనుకుంటే కుదరదు. అలాంటి సర్దుబాటు లేదని ఇంపోర్టర్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఉందని తేలితే సుంకం దాదాపు రెట్టింపు చేసే నిబంధన ఉంది. పరిచయం కొద్దీ ఈమెయిల్‌లో రాసిన ఒక్క మాట కూడా కంపెనీ మెడకి చుట్టుకోవచ్చు.

రెండోది, కౌంటర్‌వెయిలింగ్, ప్రభుత్వ సాయానికి విరుగుడుగా వేసేది. 2013లో ఒకసారి దగ్గరకొచ్చి తప్పిపోయింది. వాణిజ్య శాఖ రేట్లు తేల్చినా, తమ పరిశ్రమకి నష్టం లేదని అక్కడి అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ కొట్టేసింది. 2023 అక్టోబర్‌లో అక్కడి ప్రాసెసర్లు మళ్లీ పిటిషన్ వేశారు. 2024 చివరికి ఎక్కువ కంపెనీలకి 5.77 ఖరారైంది. ఎగుమతి సరుకులో వాడిన దిగుమతుల సుంకాన్ని వెనక్కి ఇచ్చే డ్యూటీ డ్రాబ్యాక్ లాంటి ప్రోత్సాహకాలు ఇలాంటి విచారణలో సాక్ష్యాలవుతాయి. ఇక్కడ హక్కుగా తీసుకున్న రూపాయికి అక్కడ జవాబు చెప్పుకోవాలి.

ఇవేవీ చెరువు గట్టు దాకా కాగితం రూపంలో రావు, కౌంట్ రేటుగా వస్తాయి. రేపు ఎంత కట్టాలో తెలియని రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు ఆ భయాన్ని ఇవాళ కొనే రేటులోనే కోసుకుంటుంది. వంద కౌంట్, అంటే కిలోకి వంద తూగే రొయ్య చెరువులో ఉన్న రైతు మంచి రేటు కోసం ఆగలేడు. మేత, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల కరెంటు, తెల్లమచ్చ రోగం భయం ఆగనివ్వవు. ఎన్నాళ్లకో సమీక్షలో రేటు తగ్గి డబ్బు వెనక్కి వచ్చినా అది వడ్డీతో సహా ఇంపోర్టర్ ఖాతాలోకే పోతుంది. ఆ లోపు రైతు ఇంకో రెండు పంటలు పట్టేసి ఉంటాడు. అతని దగ్గర మిగిలేది తూకం చీటీ. దాని మీద కౌంటూ, కిలోలూ, రేటూ ఉంటాయి, సుంకం మాట ఉండదు.