బుడమేరు పొంగితే కొల్లేరు వైపే వేలు ఎందుకు?

2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో చేరిన నీళ్లు రోజుల తరబడి తీయలేదు. గండ్లు పడింది కొండపల్లి దగ్గర, బుడమేరు వాగు నీళ్లని కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువకి. అయినా బుడమేరు నీళ్లు చివరికి దిగాల్సింది కొల్లేటిలోకే. అప్పట్నుంచి ముసురు పట్టినప్పుడల్లా నగరంలో వినబడేది ఒకటే, ‘కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టేయండి’. ఆ మాటకి సరస్సులోని లంక గ్రామాల్లో టెన్షన్ మొదలవుతుంది.

ఆటపాక పక్షులూ, చిత్తడి నేలగా 2002లో వచ్చిన అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపూ అందరికీ తెలిసినవే. అసలు మలుపు 1976లో ఉంది.

అప్పటిదాకా లంకలో బతుకంటే తాటిదోనె, వల, నీళ్లు తీశాక వేసుకునే వరి. ఆ ఏడాది జలగం వెంగళరావు ప్రభుత్వం మత్స్యకారులకీ దళితులకీ సొసైటీలు పెట్టించి, సరస్సు గర్భంలోనే చేపల చెరువులు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ పిల్లకీ, మేతకీ, ఐసుకీ, లారీకీ పెట్టుబడి కావాలి. దోనె మీద బతికే మనిషి దగ్గర అంత డబ్బెక్కడిది? చెరువులు ఒక్కొక్కటే లీజుకి పోయాయి. కాగితాల మీద సొసైటీ, గట్టు మీద బయటి పెట్టుబడిదారు. సభ్యుడు తన చెరువుకే కాపలా కూలీ అయ్యాడు. శీలావతి, బొచ్చె కోల్‌కతాకీ అస్సాంకీ తరలాయి. గట్లు మాత్రం పెరుగుతూ పోయి నీటి దారి మూశాయి.

1999లో జీవో 120 వచ్చింది. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత (కాంటూరు) దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం. ఆ గీత లోపల జిరాయితీ (సొంత పట్టా) పొలాలూ, సరస్సు గర్భంలోని 46 బెడ్ గ్రామాలూ ఉన్నాయి. 2006లో చెరువుల గట్లు కొట్టడానికి పొక్లెయిన్లు దిగాయి. లీజుదారు ఇంకోచోట చెరువు తవ్వుకున్నాడు. లంకలో మనిషి ఎక్కడికి పోతాడు? చేపల పని అయిపోయింది, తవ్విన నేలలో వరి మళ్లీ పండలేదు. చాలా కుటుంబాలు కూలికి వలస వెళ్లాయి.

2008లో కాంటూరును మూడడుగులకి తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ఐదే ఉండాలంది. నీటి లెక్కన కమిటీ చెప్పిందే సరి. నీరు నిలిచే చోటు తగ్గిస్తే, సముద్రానికి ఉన్న ఒక్క దారి ఉప్పుటేరు ఆ భారం మోయలేదు, బుడమేరు వెనక్కి తన్నుతుంది. కానీ జిరాయితీ భూమికి పరిహారం ఇవ్వకుండా, సొసైటీ సభ్యుణ్ణీ లీజుదారునీ ఒకే గాటన కట్టి మళ్లీ గట్లు కొడితే, 2006లో నష్టపోయిన ఇళ్లే రెండోసారి నష్టపోతాయి.