జీరోలు తర్వాత, ముందు మలుపులు చూడండి

మన ఇంటర్ మ్యాథ్స్‌లో ఏళ్ల తరబడి మాక్సిమా మినిమా (గ్రాఫ్ మలుపులు) ఏమో ఫస్టియర్ 1బిలో, థియరీ ఆఫ్ ఈక్వేషన్స్ (జీరోలు, అంటే విలువ సున్నా అయ్యే ఎక్స్‌లు) ఏమో సెకండియర్ 2ఎలో చెప్పుకుంటూ వచ్చారు, దాంతో ఈ రెండూ ఒకే గ్రాఫ్ గురించిన సంగతులని చాలామందికి తట్టనే తట్టదు.

ఎక్స్ క్యూబ్ మైనస్ 2ఎక్స్ మైనస్ 5 తీసుకోండి. జీరోలు కనుక్కునే తన పద్ధతి చూపించడానికి న్యూటన్ వాడిన లెక్కే ఇది, జాన్ వాలిస్ 1685లో వేసిన ఆల్జీబ్రా పుస్తకంలో కూడా ఉంది. దీని జీరోలు ఎన్ని? మూడో డిగ్రీ కాబట్టి మూడు అనేస్తాం, కానీ గ్రాఫ్ అన్నిసార్లు ఎక్స్ యాక్సిస్‌ని దాటాలని రూలేం లేదు.

డెరివేటివ్, అంటే గ్రాఫ్ వాలు, తీస్తే 3ఎక్స్ స్క్వేర్ మైనస్ 2. దాన్ని సున్నా చేస్తే ఎక్స్ విలువ ప్లస్ లేదా మైనస్ 0.816, అవే మలుపులు. ఎడమ మలుపు దగ్గర ఫంక్షన్ విలువ దాదాపు -3.91, కుడి మలుపు దగ్గర -6.09. అంటే గ్రాఫ్ ఎడమ నుంచి ఎక్కుతూ వచ్చి యాక్సిస్‌ని అందుకోకుండానే కిందికి తిరిగి, ఇంకా లోతుకి దిగి, మళ్లీ ఎక్కి అప్పుడు దాటుతుంది. సో రియల్ జీరో, అంటే గ్రాఫ్ యాక్సిస్‌ని దాటే చోటు, ఒక్కటే, అదీ కుడి మలుపుకి కుడివైపే. ఇంకా ఒక్క జీరో కూడా కనుక్కోలేదు చూడండి, కానీ ఎక్కడ వెతకాలో తెలిసిపోయింది.

ఇప్పుడు 2 దగ్గర మొదలెడదాం. విలువని వాలుతో భాగించి, వచ్చినదాన్ని ఎక్స్‌లోంచి తీసేయడమే న్యూటన్ పద్ధతి. అక్కడ విలువ -1, వాలు 10, కాబట్టి 0.1 ముందుకి జరిగితే 2.1. ఇంకోసారి అదే పని చేస్తే 2.0946. అసలు జీరో 2.09455 చిల్లర, రెండు అడుగుల్లో ఇంత దగ్గరికి రావడం మామూలు విషయం కాదు.

చివర్లో ఉన్న -5 తీసేసి ఇంకో నంబర్ పెడితే గ్రాఫ్ ఆకారం మారదు, మొత్తంగా పైకో కిందికో జరుగుతుంది అంతే. ఆ నంబర్ సుమారు -1.089కి, 1.089కి మధ్యలో ఉంటే ఒక మలుపు యాక్సిస్‌కి పైన, ఇంకోటి కింద పడి మూడు జీరోలూ రియల్ అవుతాయి. ప్లస్ 1 పెట్టి చూడండి, 1, 0.618, -1.618 వస్తాయి, గోల్డెన్ రేషియో ఇక్కడ కూడా తయారు!

అదే ప్లస్ 2 పెడితే అసలు తమాషా. 0 దగ్గర మొదలెడితే న్యూటన్ పద్ధతి 1కి పంపిస్తుంది, 1 నుంచి మళ్లీ 0కి, కంప్యూటర్‌కి ఇచ్చి వదిలేస్తే రాత్రంతా అలా తిరుగుతూనే ఉంటుంది. ఎందుకంటే 0.816 దగ్గరున్న మలుపు ఆ రెండిటి మధ్యలో ఉంది, అక్కడ విలువ 0.91, అంటే గ్రాఫ్ యాక్సిస్‌ని తాకకుండానే వెనక్కి తిరిగింది, ఆ పక్కన జీరోయే లేదు. ఎడమ మలుపు కూడా యాక్సిస్‌కి పైనే కాబట్టి ఉన్న ఒక్క జీరో దానికి ఎడమవైపే ఉండాలి. -2 నుంచి మొదలెట్టండి: -1.8, -1.77, -1.7693, అయిపోయింది.